చూపుకీ పట్టుకీ మధ్య

గోడ మీది తెరలో ఒక బిడ్డ ముడుచుకుని ఉంది. తల పైకి, కాళ్లు కిందికి. చిన్న తెల్లటి బాణం గుర్తు ఆ బిడ్డ చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. బాణంతో పాటు బిడ్డ బొమ్మ కూడా గుండ్రంగా తిరిగి, చివరికి మొదట ఎలా ఉందో అలాగే వచ్చి ఆగింది.

"చూశారుగా నరహరిగారూ, దిష్టి తీస్తోంది," అన్నాడు కంపెనీ మేనేజరు సుధీర్. "దేశంలో ఇంకే కంపెనీ చెయ్యలేని యంత్రం ఇచ్చి కూర్చోబెడితే ఆవిడ చేసిన పని ఇది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. కంపెనీ లాయరు నవ్వకుండా రిమోట్ నొక్కి ఆ మూడు చుట్లనూ మళ్లీ వేశాడు.

నరహరికి తెర మీద చెయ్యి కనిపించలేదు, బాణమే కనిపించింది. అయినా అది ఎలాంటి చెయ్యో ఆయనకి తెలిసిపోయింది. తొందర లేదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య చిన్నగా ఆగింది. ఆట కోసం తిప్పేవాళ్లు అంత నెమ్మదిగా తిప్పరు.

లాయరు ఒక కాగితం ముందుకి జరిపాడు. యంత్రంలో ఏ లోపమూ లేదనీ, గుమ్మడివలస ఆసుపత్రిలో స్కానింగ్ పని చూసే పైడితల్లి అనే ఉద్యోగిని మూఢనమ్మకంతో చేసిన పని వల్లనే బొడ్డుపేగు బిడ్డ మెడకు బిగుసుకుందనీ అందులో ఉంది. గర్భంలో బిడ్డను మౌస్‌తో తిప్పే పద్ధతిని కనిపెట్టిన మనిషిగా కింద నరహరి సంతకం చెయ్యాలి. గురువారం విచారణ. ఆవిడ మీద పోలీసులు ఇప్పటికే కేసు రాశారు.

"చదివి ఇస్తాను," అన్నాడు నరహరి.

"ఇందులో చదవడానికేముందండీ?" అన్నాడు సుధీర్, మర్యాదగానే.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

ఆ యంత్రం పేరు సుప్రసవ. చూడటానికి వెడల్పాటి మెత్తటి బెల్టు. గర్భిణి పొట్ట చుట్టూ కడతారు. దాని లోపలి వైపు వందల కొద్దీ చిన్న గాలి తిత్తులు ఉంటాయి. అవి ఒకదాని వెనక ఒకటి ఉబ్బుతూ తగ్గుతూ, అనుభవం ఉన్న మంత్రసాని రెండు చేతులతో నిమిరినట్టు బిడ్డను లోపలే తిప్పుతాయి. ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డ తలకిందులుగా సర్దుకుంటుంది. కోత లేకుండా కాన్పు అవుతుంది. ఎటు తిప్పాలో డాక్టరు తెర మీద చూసి చెబుతాడు.

ఆ చెప్పడం దగ్గరే మొదట్లో ఇబ్బంది వచ్చింది. అప్పట్లో తెర పక్కన మూడు మీటలు ఉండేవి. ఒకటి ముందుకీ వెనక్కీ, ఒకటి పక్కలకి, ఒకటి గుండ్రంగా. మొదటిది తిప్పాక రెండోది తిప్పితే బిడ్డ అనుకోని వైపు పోయేది. పరీక్షకి పిలిచిన ఒక పెద్ద డాక్టరు, బిడ్డను తిప్పమన్నారా పాత రేడియోలో స్టేషను పట్టుకోమన్నారా అని విసుక్కుని లేచిపోయాడు.

నరహరి కాకినాడ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, అప్పుడే ఆ కంపెనీలో చేరాడు. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బాలోంచి బత్తాయి తీసి బల్ల మీద వేలితో దొర్లించాడు. బిడ్డ ఒక గాజు బంతి లోపల ఉందనుకోండి అన్నాడు. మౌస్‌తో పట్టుకునేది బిడ్డను కాదు, ఆ బంతిని. పట్టుకున్న చోటు ఎప్పుడూ బాణం కిందే ఉండాలి. చెయ్యి ఎటు పోతే బంతి అటు దొర్లాలి. ఎన్ని వంకర్లు తిరిగినా, బయలుదేరిన చోటికి చెయ్యి తిరిగొస్తే బిడ్డ కూడా మొదటిలాగే ఉండాలి.

ఈ చివరి మాట ఆయనకి చాలా ఇష్టం. మనిషి చెయ్యి వణుకుతుంది, దారి తప్పుతుంది. వెనక్కి వస్తే చాలు, ఏమీ జరగనట్టే మన్నించాలి. లెక్కల్లో అంత దయ దొరకడం అరుదు.

దాంతో పాటు తెర కింద రెండు బటన్లు పెట్టించాడు. ఒకటి చూపు, ఒకటి పట్టు. చూపులో ఉన్నంతసేపు బొమ్మను ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకోవచ్చు, ఆ సంగతి బెల్టుకి తెలియదు. పట్టు నొక్కితేనే బెల్టు వింటుంది. డాక్టర్లు ఐదు నిమిషాల్లో నేర్చుకున్నారు. కోత కోసం డోలీల్లో కొండలు దిగి రావలసిన తల్లులకి, ఏజెన్సీ ఆసుపత్రుల్లోనే మామూలు కాన్పులు అయ్యాయి. ఒక నర్సు ఫోన్ చేసి, పుట్టిన బిడ్డ ఏడుపు ఆయనకి వినిపించింది కూడా.

తర్వాత ఆయన భార్య శారద మంచం పట్టింది. ఆయన సెలవు పెట్టాడు. ఆమె పోయి, ఆయన తిరిగి ఆఫీసుకి వచ్చేసరికి ఆ బంతి ఇంకొకళ్ల చేతుల్లోకి పోయింది. ఆయనకి వేరే పని ఇచ్చారు. ఆ రోజుల్లో ఆయనకి ఏది ఇచ్చినా ఒకటే.

*

మర్నాడు పొద్దున్నే ఆయన గుమ్మడివలస బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ ఆయన తెల్ల జుట్టు చూసి, ఎండ అటువైపు ఉంది బాబూ, ఇటు కూకో అని సీటు మార్చుకుంది. ఆయనకి ఆ పూట ఆ మాత్రం చాలా పెద్దదిగా అనిపించింది.

పైడితల్లి ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలో ఉంది. వీధిలో అడిగితే ఒకాయన చెయ్యి చూపించాడు గాని నోరు విప్పలేదు. ఇంకొకావిడ పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసుకుంది. పైడితల్లి అత్తగారు తలుపు కొంచెమే తీసి, పోలీసా అని అడిగింది. కాదని తెలిశాక మజ్జిగ తెచ్చి ఇచ్చి, కూర్చోమని కుర్చీ తుడిచింది.

పైడితల్లికి ముప్ఫై దాటి ఉంటాయి. జుట్టు గట్టిగా ముడేసుకుంది. ఆయన ఎవరో చెప్పగానే లేచి నిలబడింది.

"ఆ బంతి కట్టింది మీరా సార్? ట్రైనింగులో బత్తాయికాయతో చూపించేరు. నేను మూడో వరసలో కూర్చున్నాను."

ఆయన జరిగింది చెప్పమన్నాడు.

ఆమె దాచలేదు. యంత్రం వచ్చిన దగ్గర్నుంచీ తన దగ్గరకి వచ్చిన ప్రతి తల్లికీ అలా చేస్తూనే ఉంది. డాక్టరు వచ్చే ముందు బెల్టు కట్టి, తెర మీద బిడ్డను చూపిస్తుంది. చూడగానే తల్లులు మురిసిపోతారు, వెంటనే భయపడతారు. అందుకని చూపు బటను మీదే ఉంచి, బిడ్డ చుట్టూ బాణం మూడుసార్లు తిప్పి, తన కణతల దగ్గర మెటికలు విరుస్తుంది. అప్పుడు వాళ్లు నవ్వుతారు. ఒళ్లు వదులవుతుంది. ఒళ్లు వదులైతే బెల్టు పని తేలికవుతుంది. అది డాక్టర్లకీ తెలుసు. ఒక డాక్టరమ్మ అయితే, తల్లీ నీ తిప్పుడు అయిందా, ఇక నా తిప్పుడు మొదలెట్టనా అనేదిట.

"చూపులో ఉంటే బెల్టు కదలదు కదా," అన్నాడు నరహరి.

"చూపు లేదు సార్ ఇప్పుడు. రెండు బటన్లూ తీసీసేరు. ఆ సోమవారం పొద్దున్న మెషీను వేస్తే ఒకటే బటను ఉంది, మొదలు అని. కంపెనీకి ఫోన్ చేసేను. ఇంకా సులువు చేసేం, బొమ్మ మీద చెయ్యి పెడితే చాలు అన్నారు. బెల్టు నేను తిప్పినప్పుడు కదల్లేదు, నేను చూసేను. దమయంతి మంగళవారం వొచ్చింది."

దమయంతి తొలిచూలు. పైడితల్లి దిష్టి తీస్తే మంచం మీదనుంచి నవ్వి, అక్కా ఇంకోసారి తియ్యవా అందిట. ఇంకోసారి తియ్యలేదు, డాక్టరు వచ్చేశాడు. ఆయన బిడ్డను ఎలా తిప్పాలో తెర మీద గీసి, మొదలు నొక్కి, పక్క గదిలో ఇంకొకామె దగ్గరకి వెళ్లిపోయాడు. బెల్టు మామూలు కన్నా చాలాసేపు ఆడింది. ఆగేసరికి తల కిందికి వచ్చింది, గుండె బాగానే కొట్టుకుంటోంది. స్వీట్లు పంచుకున్నారు. మూడో రోజుకి బిడ్డ కదలడం ఆగిపోయింది. కాన్పయ్యాక చూస్తే పేగు మెడకు ఒకటి మీద ఒకటిగా చుట్టుకుని ఉంది. బంధువులు బిడ్డే పేగు మెడలో వేసుకుందన్నారు. రెండు రోజులే అలా అన్నారు. తర్వాత కంపెనీ వాళ్లు వచ్చి ఆ మూడు చుట్ల వీడియో వేసి చూపించారు.

"వాళ్లు మూఢనమ్మకం అని రాసుకున్నారు," అంది పైడితల్లి. "ఊళ్లో దాన్ని అలాగనరు కదా సార్. చిల్లంగి పెట్టిందంటన్నారు. కడుపులో ఉన్న బిడ్డకి చిల్లంగి పెట్టీసిందని."

నరహరి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. చేతబడి చేసిందన్న అనుమానం మీద ఆ కొండల్లో మనుషుల్ని కొట్టి చంపారని ఆయన పేపర్లో చదివాడు. విశాఖపట్నంలో ఏసీ గదిలో నవ్వుకుంటూ రాసిన ఒక మాట ఇక్కడికి వచ్చేసరికి ఏమైందో ఆ గదిలోవాళ్లలో ఎవరికైనా తెలుసా? తెలిస్తే మాత్రం వెనక్కి తీసుకుంటారా?

ఆమె గొంతు తగ్గించింది. "ఉద్యోగం పోతే పోనివ్వండి. జైలంటే భయమే గాని, అదీ కాదు. ఆ పిల్ల నన్ను అక్కా అంది. నా చేతివల్లే తన బిడ్డ పోయిందని అనుకుంటుందో ఏటో. నాకు తెలీడం లేదు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు ఆ పిల్లకి చెప్పండి సార్. నా తప్పుంటే అదీ చెప్పండి."

*

కంపెనీ ప్రయోగశాలలో ఒక రబ్బరు సంచి ఉంది. మొదటి రోజుల్లో బెల్టు పరీక్షించడానికి ఆయనే చేయించింది. నిండా నీళ్లు, లోపల బిడ్డంత రబ్బరు బొమ్మ. నరహరి బొమ్మ బొడ్డు దగ్గర ఎర్ర రిబ్బను కట్టి, రెండో కొస సంచి గోడకి అంటించాడు. బెల్టు చుట్టి కొత్త ప్రోగ్రాం వేశాడు.

దిష్టి తియ్యలేదు. ఊరికే చూశాడు. వెన్ను ఎటుందో చూడటానికి ఇటు తిప్పాడు, మొహం కోసం అటు తిప్పాడు, కాళ్ల కోసం కిందనుంచి పైకి తెచ్చాడు. చూడటం అయ్యాక, డాక్టర్లు చేసినట్టే తల కిందికి తెచ్చి మొదలు నొక్కాడు.

బెల్టు ఉబ్బడం మొదలుపెట్టింది. బొమ్మ ఇటు తిరిగింది. అటు తిరిగింది. కిందనుంచి పైకి లేచింది. ఆయన చూసిన ప్రతి చూపునీ, చూసిన వరసలోనే, బెల్టు ఆ బొమ్మ మీద మళ్లీ చేసింది. చెయ్యి వెనక్కి వస్తే మన్నించమని ఆయన రాసిన చోట, చెయ్యి నడిచిన దారంతా గుర్తుపెట్టుకొమ్మని ఎవరో రాశారు.

సంచి విప్పితే రిబ్బను బొమ్మ భుజం మీదుగా ఒక చుట్టు చుట్టుకుని ఉంది. బొమ్మ మాత్రం తెర మీద చూపించినట్టే, తల కిందికి పెట్టుకుని బుద్ధిగా ఉంది. బిడ్డ ఎటు తిరిగి ఉందో తెర చెబుతుంది గాని, ఎన్ని చుట్లు తిరిగి అక్కడికి వచ్చిందో చెప్పదు. పేగుకి మాత్రం అన్నీ తెలుస్తాయి.

ఆయన సుధీర్‌ని పిలిచి రిబ్బను చూపించాడు. సుధీర్ ఆశ్చర్యపోతాడనుకున్నాడు. సుధీర్ తలుపు వేసి వచ్చాడు.

"రెండు బటన్లంటే కొత్త డాక్టర్లు తికమక పడుతున్నారండీ. చూడడం వేరు, తిప్పడం వేరు అంటే చేతికి సహజంగా ఉండదు. పైగా దారంతా ముందే గీసి వెళ్లిపోతే ఒక డాక్టరు ఒక పూటలో పదిమందిని చూడొచ్చు. అందుకే రెండూ కలిపేశాం."

"చూడడం, తిప్పడం ఒకటెలా అవుతాయి సుధీర్? మీ పాపాయి ఉయ్యాల్లో పడుకుని ఉంటే మీరు చుట్టూ తిరిగి చూస్తారు. మీరు చూశారని పాపాయి దొర్లిపోవాలా?"

ఆసుపత్రులకి ఈ మార్పు ఎందుకు చెప్పలేదని నరహరి అడిగాడు. చెబితే ప్రభుత్వం దగ్గర మళ్లీ మొదటినుంచీ అనుమతి తీసుకోవాలనీ, ఏడాది పోతుందనీ, అందుకే చిన్న సవరణ అని పంపేశామనీ సుధీర్ చెప్పాడు. ఆ ఏడాదిలో ఎంతమంది తల్లులకి మేలు జరిగేదో ఆలోచించమన్నాడు. ఈ సంగతి బయటికి వస్తే యంత్రం మూల పడుతుందనీ, కొండల మీది ఆడవాళ్లు మళ్లీ డోలీ ఎక్కుతారనీ, ఆ పాపం ఎవరిదనీ అడిగాడు. పైడితల్లి సంగతి తాము చూసుకుంటామన్నాడు. మందలింపుతో పోయేలా చేసి వేరే ఊళ్లో ఉద్యోగం ఇప్పిస్తారు.

"రెండు బటన్లు మళ్లీ పెడితే సరిపోతుంది కదా," అన్నాడు నరహరి. "ఒక్క రోజు పని."

"పెడితే, ఎందుకు తీశారని అడుగుతారు."

నరహరి చాలా కాలంగా ఎవరి మీదా గొంతు పెంచలేదు. శారద పోయాక ఆయనలో ఎవరి మీదనైనా కోపం తెచ్చుకునే శక్తి మిగల్లేదని ఇరుగుపొరుగు కూడా అనుకున్నారు. ఇప్పుడు కూడా గొంతు పెరగలేదు. కానీ కోపం మాత్రం వచ్చింది. ఎందుకు తీశారని ఎవరూ అడగకుండా ఉండటానికి ఇంకో ఊళ్లో ఇంకో బిడ్డ చుట్టూ పేగు బిగించడానికి సిద్ధపడ్డ మనిషి, తన ఎదురుగా శుభ్రమైన చొక్కా వేసుకుని నిలబడి, పాపం ఎవరిదని తననే అడుగుతున్నాడు.

ఆయన జేబులోంచి కాగితం తీసి, మడత విప్పకుండానే బల్ల మీద పెట్టాడు. సంచిలో నీళ్లు వంపేసి చుట్టచుట్టి చంకన పెట్టుకున్నాడు.

"అది కంపెనీ సొత్తు నరహరిగారూ," అన్నాడు సుధీర్.

"రబ్బరు నేను కొన్నాను," అన్నాడు నరహరి. అది నిజమే.

*

విచారణ గుమ్మడివలస ఆసుపత్రి మీటింగు హాల్లో జరిగింది. ప్రభుత్వం నియమించిన పెద్ద, డాక్టర్ అనసూయాదేవి. ముప్ఫై ఏళ్లు కాన్పులు చేసి రిటైరైన మనిషి. ఆమెకి ఒక పక్క కంపెనీ వాళ్లు, ఇంకో పక్క ఆసుపత్రి వాళ్లు. చివరి బెంచీ మీద దమయంతి, ఆమె భర్త. ఆమెకి పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేదు కాబట్టి గుండెల చుట్టూ గుడ్డ బిగించి కట్టారు, కొంగు కింద అది తెలుస్తూనే ఉంది. గదికి ఆ చివర పైడితల్లి ఒక్కతే కూర్చుంది. ఆమె పక్కన మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

లాయరు వీడియో వేశాడు. మూడు చుట్లు. మాట్లాడాడు. ఈ యుగంలో కూడా మన ఆసుపత్రుల్లో ఇలాంటి అజ్ఞానం ఉందంటే తలవంపులన్నాడు. శిక్షణ పొందిన మనిషి, విజ్ఞానం మీద నమ్మకం ఉన్న మనిషి ఎవరూ ఆ యంత్రంతో బిడ్డకి హాని చెయ్యలేరన్నాడు. అతను వాక్యం ముగించినప్పుడల్లా పైడితల్లి తల కొంచెం కొంచెం కిందికి దిగింది.

నరహరిని పిలిచారు. తిప్పే పద్ధతి కనిపెట్టింది తనేననీ, చెప్పడం కన్నా చూపిస్తాననీ అన్నాడు. లాయరు లేచి, ఈయన కంపెనీ అనుమతి లేకుండా వచ్చాడని అభ్యంతరం చెప్పాడు. అనసూయాదేవి విని, చూపించమంది.

ఆసుపత్రి కుర్రాళ్లు సంచిలో నీళ్లు నింపారు. రిబ్బను కట్టిన బొమ్మను అందరికీ చూపించి లోపల పెట్టి, ఆ ఆసుపత్రి బెల్టే చుట్టారు. తెర వెలిగింది. అనసూయాదేవి మౌస్ కోసం చెయ్యి చాచి, ఆగి, లాయరు వైపు చూసింది.

"మీరు రండి. మీకు దిష్టి మీద నమ్మకం లేదు కదా. బొమ్మను బాగా చూసి, ఎలా ఉందో మాకు చెప్పండి."

లాయరు సుధీర్ మొహం చూశాడు. సుధీర్ వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు గాని, అది లాయరుకి అర్థం కాలేదు. కంపెనీ తన లాయరుకి కూడా నిజం చెప్పలేదని నరహరికి అప్పుడు తెలిసింది. లాయరు కూర్చుని మౌస్ పట్టుకున్నాడు. తేలికగా తిరుగుతోందని మెచ్చుకున్నాడు. వెన్ను ఇటు ఉందన్నాడు. మొహం కోసం అటు తిప్పాడు, దాటిపోయింది, ఇంకో చుట్టు తెచ్చాడు. చేతులు చూపించాడు, కాళ్లు చూపించాడు. చెయ్యి అలవాటుపడ్డాక రెండుసార్లు ఊరికే కూడా తిప్పాడు. చివరికి నరహరి చెప్పినట్టు తల కిందికి తెచ్చి, మొదలు నొక్కాడు.

బెల్టు ఆడడం మొదలుపెట్టింది. గాలి తిత్తులు ఉస్సుమంటూ ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నాయి. బెల్టు ఆగాక నరహరి సంచి విప్పి బొమ్మను బయటికి తీశాడు. ఎర్ర రిబ్బను మెడ చుట్టూ చుట్లు పడి, దవడ కింద ఒరుసుకునేంత బిగుసుకుంది. ఆయన విప్పబోతే వేలు దూరలేదు.

అనసూయాదేవి లాయరుని అడిగింది. "ఇది ఏ మూఢనమ్మకంతో చేశారు మీరు?"

లాయరు తన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. అతను సుధీర్ వైపు చూసిన చూపులో మొదటిసారి నిజమైన ప్రశ్న ఉంది.

నరహరి మాట్లాడింది తక్కువ. అదీ కంపెనీ వైపు చూసి కాదు, చివరి బెంచీ వైపు చూసి.

"అమ్మా, ఈ యంత్రంలో చూడడానికి ఒక బటను, తిప్పడానికి ఒక బటను ఉండేవి. ఆ సోమవారం వీళ్లు రెండూ కలిపేశారు. ఎవరికీ చెప్పలేదు. పైడితల్లి మీ బిడ్డను చూసింది, అంతే. ఆమె చూసినదాన్ని తర్వాత బెల్టు చేసింది. దిష్టి తియ్యకుండా ఊరికే తిప్పి చూసినా చేసేది. ఇప్పుడు లాయరుగారికి చేసినట్టే."

దమయంతి భర్త లేచి ఏదో అడగబోయి మళ్లీ కూర్చున్నాడు.

ఇలా కలిపేసిన యంత్రాలు ఇంకెన్ని ఆసుపత్రుల్లో ఉన్నాయని అనసూయాదేవి అడిగింది. వివరాలు ఆఫీసులో ఉన్నాయనీ, రేపు పంపుతామనీ సుధీర్ చెప్పాడు.

"రేపు కాదు. ఈ నిమిషంలో ఏ తల్లికైనా బెల్టు కట్టి ఉందేమో మీకు తెలుసా?"

హెడ్డాఫీసుని అడగాలన్నాడు సుధీర్. ఆమె ఇక అతనితో మాట్లాడలేదు. ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గర ఫోన్ తీసుకుని, జిల్లా వైద్యాధికారికి చేసి, ఎక్కడ ఉన్న బెల్టు అక్కడ తీయించమని గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. అవతలివాళ్లు కాగితం మీద రాసివ్వమన్నట్టున్నారు. రాస్తాను, ముందు తీయించండి అని ఆమె అరిచింది. గోడ పక్కన నిలబడ్డ నర్సులు అప్పటికే తమకి తెలిసిన ఆసుపత్రుల్లోని తమ స్నేహితురాళ్లకి ఫోన్లు కలుపుతున్నారు.

ఆ గోలలో నరహరి వరండాలోకి వచ్చాడు. ఎవరో ఆయా ఆయన మొహం చూసి స్టూలు తెచ్చి వేసి వెళ్లిపోయింది.

పైడితల్లి కూడా బయటికి వచ్చి వరండా చివర స్తంభానికి ఆనుకుని నిలబడింది. వచ్చేపోయేవాళ్లు ఆమెకి ఇంకా ఎడంగానే నడుస్తున్నారు. లోపల తేలిన నిజం ఆ ఊరి వీధుల్లోకి పోవడానికి ఎన్నాళ్లు పడుతుందో, అసలు పోతుందో లేదో నరహరికి తెలియలేదు. అబద్ధానికి ఒక్క వీడియో సరిపోయింది. నిజానికి ఒక రబ్బరు సంచి, నీళ్లు, బెల్టు, ఇంతమంది పెద్దమనుషులు కావలసి వచ్చారు.

దమయంతి హాల్లోంచి వచ్చింది. భర్త చెయ్యి పట్టుకోబోతే వద్దని, గోడ పట్టుకుని తనే నడిచింది. పైడితల్లి ముందు ఆగింది. పైడితల్లి కళ్లెత్తలేదు.

"అక్కా," అంది దమయంతి.

పైడితల్లి రెండు చేతులతో మొహం మూసుకుంది. దమయంతి ఆ చేతులు కిందికి తీసింది. ఇద్దరూ అక్కడే అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి దమయంతి, పక్కవాళ్లు వినకూడదన్నట్టు మెల్లిగా అడిగింది.

"నాకు సూపించనేదక్కా. గుడ్డలో సుట్టి అట్నించటే తీసుకెళ్లిపోయేరు. తట్టుకోనేనని. తెర మీద కూడా నాకు మంచం మీంచి సరిగ్గా కనపడనేదు. నువ్వొక్కద్దానివే కదా అది బతికుండగా దగ్గరగా సూసినావు. ఎలాగుంది?"

పైడితల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆలోచించింది. జరిగినదానికి ఒక్క ముక్క కూడా కలపకూడదన్నట్టు జాగ్రత్తగా మొదలుపెట్టింది. ముక్కు నీలాగే కొంచెం చప్పిడి, నుదురు వెడల్పు. కుడిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను చూస్తూ ఉంటే ఆ చెయ్యి తీసింది. ఆవలించింది. మన పిల్లలు నిద్దరొచ్చినప్పుడు ఆవలిస్తారు చూడు, నోరంతా తెరిచి, అలాగ.

హాలు తలుపు తెరుచుకుంది. కంపెనీ తరఫు మనిషి ఒకడు, మెడలో బ్యాడ్జీ వేసుకుని, గబగబా వాళ్ల దగ్గరకి వచ్చాడు. విచారణ పూర్తయ్యేదాకా రెండు పక్షాలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదనీ, అది నిబంధన అనీ, దయచేసి ఎవరి చోటికి వాళ్లు వెళ్లాలనీ చెప్పాడు.

నరహరి స్టూలు మీంచి లేచాడు. ఆయన అవసరం రాలేదు.

దమయంతి ఆ మనిషి వైపు చూడను కూడా లేదు. పైడితల్లి చెయ్యి వదలకుండా, "మీరుండండి బాబూ," అంది. "అక్క నా కూతురి గురించి సెప్తన్నాది."